కాదన్నవాళ్లు పోయారు... పద్యం మిగిలింది!

పండితులు పట్టించుకోలేదు. ప్రభువులు పల్లకీ పంపలేదు. బతికుండగా పుస్తకమన్నదే లేదు. అయినా ఆ కవి పద్యం ఒక్కటైనా రాని తెలుగిల్లు ఉండదు! కదిరి పక్కన కటారుపల్లిలో జనం కొలుచుకునే వేమన కథ ఇది. కవిత రాసి, ఎవరికో పంపి, ఎదురుచూసి, ఉసూరుమన్న ప్రతి ఒక్కరి కథ కూడా.

‘స్వీకరించలేని రచనలు తిప్పి పంపాలంటే తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతపరచాలి...’

ఒకప్పుడు వారపత్రికల్లో ఏదో ఓ మూల చిన్న అక్షరాల్లో ఈ మాట కనిపించేది. కవితలు రాసే కుర్రాళ్లకీ అమ్మాయిలకీ అది కంఠతా. పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినపడితే చాలు, గుమ్మంలోకి పరుగు. చేతిలో పడిన కవరు మీద తన దస్తూరీయే ఉందంటే ఇక విప్పక్కర్లేదు. విషయం తెలిసిపోయినట్లే!

ఇప్పుడు ఆ కవర్లూ స్టాంపులూ చాలావరకూ పోయాయి. రాత్రి పదింటికి కవిత రాస్తే పదీ ఐదుకల్లా ఫోన్లో వందమందికి చేరిపోతోంది. కదిరిలో రాసింది కువైట్‌లో ఉన్న మేనమామ చదువుతాడు, బెంగళూరులో ఉన్న స్నేహితురాలు చదువుతుంది. ఎక్కడెక్కడి కవులో ఫోన్లోనే కలుసుకుంటున్నారు, ఒకరి కవిత ఒకరు చదువుకుంటున్నారు. మధ్యలో సంపాదకుడు లేడు, గుమ్మం లేదు, ఎదురుచూపుల్లేవు. కాదనడం మాత్రం పోలేదు. రూపం మార్చుకుందంతే. ‘బాగాలేదు’ అని ఎవరూ అనరు. అసలు ఏమీ అనరు! పక్కవాడి కవితకి చప్పట్ల బొమ్మలు వరసకడతాయి. మన కవిత కింద ఏమీ ఉండదు. తిరిగొచ్చిన కవరుకన్నా ఆ మౌనమే ఎక్కువ బరువు అంటారు రాసేవాళ్లు.

ఇంతకీ తెలుగులో ఇలాంటి మౌనాన్ని అందరికన్నా ఎక్కువకాలం భరించిన కవి ఎవరు? ఎవరో మారుమూల మనిషి కాదు. ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన వేమన!

కదిరి నుంచి కాస్త లోపలికి...

కదిరి అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి. ఆ తర్వాత మల్లెలు. రైతుల్ని కదిపితే ‘కదిరి-6’ వేరుశనగ రకం పేరు చెబుతారు. ధర్మవరం - పాకాల రైల్లో వెళ్లేవాళ్లకి దారిలో ఓ స్టేషను. ఈ కదిరి ప్రాంతంలోనే, గాండ్లపెంట మండలంలో ఉంది కటారుపల్లి. వేమన సమాధి ఇక్కడే ఉందని తరతరాలుగా జనం నమ్మకం. 1910 వరకూ కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. తర్వాత అనంతపురంలో కలిసింది. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా అయింది. చిరునామా ఎన్నిసార్లు మారినా కటారుపల్లి అంటే వేమన, వేమన అంటే కటారుపల్లి అన్న మాట మాత్రం మారలేదు.

ఊరి సంగతి సరే, మనిషి సంగతి? వేమన ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ పుట్టాడో నేటికీ ఒక్క మాట మీద నిలవలేదు. 17వ శతాబ్దం వాడన్నది చాలామంది లెక్క. అంతకుముందువాడు అన్నవాళ్లూ ఉన్నారు. వేశ్య కోసం వదినగారి నగలు అడిగాడన్న కథ, అభిరాముడనే కంసాలి స్నేహితుడి కథ, మూలికల కథ... ఇవన్నీ జనం ప్రేమకొద్దీ అల్లుకున్నవి. చిత్తూరు నాగయ్య వేమనగా 1947లో ‘యోగి వేమన’ సినిమా వచ్చాక ఆ కథలే చరిత్ర అన్నంతగా మనసుల్లో నాటుకుపోయాయి. అన్నట్టు ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి ఇంటిపేరు ఏమిటో తెలుసా... కదిరి! కదిరి వెంకటరెడ్డి.

పాతకాలం కవుల గురించి మనకి ఎంతో కొంత తెలియడానికి కారణం, వాళ్లే కావ్యం మొదట్లో చెప్పుకోవడం. తండ్రి ఎవరు, గురువు ఎవరు, ఏ ప్రభువు కోరితే రాశాడు... అన్నీ ఉంటాయి. వేమన అలాంటి పేజీ ఒక్కటీ వదిలి వెళ్లలేదు. ఎందుకని? అసలు కథ ఇక్కడే ఉంది.

చీటీ లేని తిరస్కారం

ఆ రోజుల్లో కవిగా గుర్తింపు రావాలంటే ఓ పద్ధతి ఉండేది. ముందు కావ్యం రాయాలి. అందులో దేవతా ప్రార్థన, తనకన్నా ముందటి కవులకు నమస్కారం, చెడ్డ కవులకు చీవాట్లు, కావ్యం అంకితం పుచ్చుకునే పెద్దమనిషి వంశవర్ణన... ఇవన్నీ ఉండాలి. ఆ పెద్దమనిషి రాజు కావచ్చు, మంత్రి కావచ్చు, బాగా కలిగిన వర్తకుడు కావచ్చు. ఎవరో ఒకరు ఉండటం మాత్రం తప్పనిసరి.

అదంతా కేవలం మర్యాద కోసం అనుకుంటే పొరపాటే. తాటాకు కలకాలం ఉండదు. పురుగు తింటుంది, చెమ్మకి పాడవుతుంది. కొన్నేళ్లకోసారి కొత్త ఆకుల మీదికి ఎక్కించాల్సిందే. రాసే లేఖకుడికి కూలి ఇవ్వాలి. అంకితం పుచ్చుకున్నవాడు ఆ ఖర్చు చూసుకుంటాడు. పండితులు మెచ్చి, పాఠం చెబితే శిష్యులు మరో నాలుగు ప్రతులు రాసుకుంటారు. ఛందస్సు పుస్తకం రాసేవాడు అందులోంచి ఓ పద్యం ఉదాహరణగా ఇస్తే ఆ కవి పేరుకి ఢోకా లేదు. అంటే పండితుల ఆదరణ కవికి పరువు మాత్రమే కాదు, పుస్తకానికి ప్రాణం కూడా.

వేమనకి వీటిలో ఏ ఒక్కటీ లేదు. కావ్యం లేదు. అన్నీ విడి పద్యాలే. అంకితం లేదు. తర్వాతి కవులు పూర్వకవుల్ని తలచుకుంటూ చెప్పే పద్యాల్లో నన్నయ, తిక్కన, శ్రీనాథుడు, పోతన కనిపిస్తారు కానీ, వేమన పేరు కనపడటం బహు అరుదు. ‘నువ్వు కవివి కావు’ అని ఆయన మొహం మీద ఎవరూ అని ఉండరు. జాబితాలో పేరు రాయలేదు. అంతే! తిప్పి పంపే కవరు కూడా అక్కర్లేని తిరస్కారం అది.

మూడు పాదాల్లో సాహసం

అయితే నాణేనికి ఇంకో వైపూ చూడాలి. పండితులు తలుపు వేసిన మాట నిజమే. కానీ వేమన ఆ తలుపు తట్టాడా?

తట్టలేదనే చెబుతాయి ఆయన పద్యాలు. మొదట ఆయన ఎంచుకున్న ఛందస్సే చూడండి... ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఉత్పలమాల, చంపకమాలల్లోలాగా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలన్న ప్రాస నియమం లేదు. సంస్కృతం నుంచి దిగివచ్చింది కాదు, మన నేలమీద పుట్టిన నడక. మాట్లాడుతున్నట్టే సాగిపోతుంది. పైగా నాలుగో పాదం ఎలాగూ మకుటానికి పోతుంది. మిగిలినవి మూడు పాదాలు. ఆ మూడింట్లోనే సంగతి చెప్పాలి, పోలిక తేవాలి, చురక అంటించాలి! పేజీలకొద్దీ వర్ణనలు చేయగలవాళ్లకి ఇది చిన్నపనిలా కనిపించి ఉండొచ్చు. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో.

ఇక పోలికలు. ఉప్పు, కర్పూరం, వేపాకు, మేడిపండు, ఇనుము, కుక్క, చెప్పు... వంటింట్లో, పొలంలో, వీధిలో కళ్లముందు ఉండేవే అన్నీ. పద్యం అర్థం కావడానికి పక్కన పంతులుగారు కూర్చోనక్కర్లేదు. పంతులుగారు అక్కర్లేని పద్యాన్ని పంతులుగారు మెచ్చుకోవడం అంత సులువా మరి!

అన్నిటికన్నా పెద్ద సాహసం చెప్పిన సంగతుల్లో ఉంది. మనసు శుభ్రంగా లేని పూజ దేనికన్నాడు. వేషం వేసుకున్న గురువుల్ని ఉతికి ఆరేశాడు. కులం పేరు చెప్పి మనిషిని దూరం పెట్టడాన్ని నిలదీశాడు. పిసినారుల్ని వెక్కిరించాడు. అదీ ఎవరి గురించో చెబుతున్నట్టు కాదు, ఎదురుగా నిలబెట్టి అడిగినట్టు. అంకితం పుచ్చుకోగల ప్రభువులు, పాఠం చెప్పగల పండితులు, పేరు నిలబెట్టగల మఠాధిపతులు... తనకి సాయపడగలిగినవాళ్లు ఎవరో సరిగ్గా వాళ్లనే పట్టుకుని కడిగేశాడన్నమాట. ఇంత చేశాక వాళ్ల మెప్పు కోసం ఎదురుచూసి ఉంటాడని ఎలా అనుకుంటాం?

అందుకే వేమనది రెండువైపులా జరిగిన తిరస్కారం. వాళ్లు ఆయన్ని కాదన్నారు. అంతకన్నా ముందే ఆయన వాళ్లని కాదన్నాడు.

జనమే అచ్చాఫీసు

తాటాకు ఖర్చు పెట్టేవాడు లేడు, పాఠం చెప్పేవాడు లేడు. మరి పద్యాలు ఎలా బతికాయి?

జనం నోళ్లలో! ఆటవెలది నడక చెవికి అతుక్కుంటుంది. నాలుగో పాదం ఎలాగూ అందరికీ తెలిసిందే కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది మూడు పాదాలే. ఒక పద్యం తెలియాలంటే దాని ముందుదీ వెనకదీ తెలియనక్కర్లేదు. బైరాగి పాడుకోవచ్చు. పొలం గట్టు మీద రైతు అనుకోవచ్చు. కూతుర్ని మందలిస్తూ తల్లి అందుకోవచ్చు. పంచాయితీలో పెద్దమనిషి తీర్పు చెబుతూ ముక్తాయించొచ్చు. వీధిబడిలో అయ్యవారు అక్షరాలు రాని పిల్లాడికి కూడా వల్లె వేయించొచ్చు. పద్యం పనికొచ్చే వస్తువైంది. ఇంట్లో చాట, చేట్లో చీపురు ఎలాగో అలాగ. పనికొచ్చే వస్తువుని ఎవరు పారేసుకుంటారు?

అలా నోటి నుంచి నోటికి, అక్కడక్కడా తాటాకుల మీదికి పాకుతున్న పద్యాల సంగతి ఓ ఇంగ్లీషు దొర చెవిన పడింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820లో కంపెనీ కొలువులో కడప వచ్చాడు. అక్కడే తెలుగు మీద మనసు పడ్డాడు. వేమన పేరు ఆయనకి పరిచయమైంది ఏ తెలుగు పండితుడి ద్వారానో కాదు, ఫ్రెంచి మతబోధకుడు అబ్బే దుబాయ్ రాసిన పుస్తకంలో! తెలుగువాడి గురించి తెలుగునేల మీద ఉన్న ఇంగ్లీషువాడికి ఫ్రెంచివాడు చెప్పాల్సి వచ్చిందన్నమాట.

బ్రౌన్ ఊరుకోలేదు. దొరికిన చోటల్లా రాతప్రతులు సేకరించాడు. ఒక ప్రతిలో ఒకలా, మరోదానిలో ఇంకోలా ఉన్న పద్యాల్ని పక్కపక్కన పెట్టి పోల్చాడు. 1829లో 693 పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చువేశాడు. పదేళ్ల తర్వాత 1839లో వేసిన కూర్పులో ఆ సంఖ్య 1164కి పెరిగింది. ఒక్క వేమనే కాదు, వందల తెలుగు గ్రంథాల్ని జీతం రాళ్లు ఖర్చుపెట్టి, చాలక అప్పులు చేసి ఎత్తి రాయించాడాయన. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు సి.పి.బ్రౌన్ పేరుమీద గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉన్నాయి.

బ్రౌన్ పుణ్యమా అని వేమన పుస్తకంలోకి ఎక్కాడన్నది నిజం. కానీ ఓ చిన్న సంగతి మరచిపోకూడదు. బ్రౌన్ వెతికేనాటికి వెతకడానికి పద్యాలు మిగిలి ఉన్నాయి. మిగిల్చింది పేరు లేని లక్షలమంది.

ఆదరణకూ ఓ ధర

ఇక్కడిదాకా వింటే కథ సుఖాంతమే. పండితులు కాదన్నారు, జనం అక్కున చేర్చుకున్నారు... అంతేగా అనిపిస్తుంది. అంతే కాదు. జనాదరణ కూడా ఊరికే రాదు. దానికీ ధర ఉంది.

1829లో 693. 1839లో 1164. తర్వాత వచ్చిన కూర్పుల్లో వేలకు చేరింది. ఇన్నీ ఒక్క మనిషి చెప్పినవేనా? కావని పరిశోధకులందరికీ తెలుసు. నాలుగో పాదం ఎలాగూ సిద్ధంగా ఉందాయె. తనకి తోచిన మూడు పాదాలు రాసి కింద ఆ మకుటం తగిలిస్తే చాలు, వేమన పద్యమైపోతుంది! కోపం వచ్చినవాడు తన కోపం రాశాడు. ఓ కులం మీద అక్కసు ఉన్నవాడు ఆ అక్కసు రాశాడు. ఆడవాళ్లని తక్కువ చేస్తూ వేమన పేరుమీద చలామణీ అవుతున్న కొన్ని పద్యాలు నేడు చదివితే మనసు చివుక్కుమంటుంది. వాటిలో ఆయనవి ఎన్నో, ఆయన నెత్తిన పెట్టినవి ఎన్నో తేల్చడం కష్టం. ఆయన కాలపు మనిషిగా ఆయనకున్న పరిమితులు ఎన్నో కూడా చెప్పలేం. పద్యాన్ని కాపాడిన జనమే కవి మొహాన్ని చెరిపేశారు.

ఇది పాతకాలపు ముచ్చటేనా? మీ ఫోన్ తీసి చూడండి. పొద్దున్నే వచ్చే నాలుగు మంచిమాటల కింద ఎవరి పేరు ఉంటుంది? శ్రీశ్రీ ఎన్నడూ అనని మాట శ్రీశ్రీ బొమ్మతో వస్తుంది. అబ్దుల్ కలాం అన్నారో లేదో ఎవరికీ తెలియని మాట కలాం పేరుతో తిరుగుతుంది. ఇంకోవైపు, ఓ అమ్మాయి కష్టపడి రాసుకున్న కవిత కింద ఆమె పేరు ఊడిపోయి ఊళ్లన్నీ తిరిగి మళ్లీ ఆమె దగ్గరికే ‘ఎవరో భలే రాశారు, చదువు’ అంటూ వస్తుంది. కాదనిపించుకోవడం ఒక బాధ. అందరూ ఔనని, పేరు మాత్రం చెరిపేయడం ఇంకో బాధ. వేమన రెండూ పడ్డాడు.

అనంతపురంలో న్యాయం

వేమనకి పండితుల సభలో న్యాయం జరిగింది కూడా సొంత సీమలోనే. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది. అప్పుడు ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. మాట్లాడింది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. దత్తమండలాలు అన్న పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చింది కూడా ఆ ఏడాదే.

రాళ్లపల్లివారు ఎవరు? కళ్యాణదుర్గం ప్రాంతంలోని రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. సంస్కృతం, తెలుగు, ప్రాకృతం, కన్నడం, సంగీతం... అన్నిట్లోనూ దిట్ట. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పేవారు. తర్వాతి రోజుల్లో అన్నమయ్య కీర్తనలకి స్వరాలు కట్టింది ఆయనే. ఇంతకన్నా గట్టి సంప్రదాయ పండితుడు ఎక్కడ దొరుకుతాడు! అలాంటి ఆయన వేమన పద్యాన్ని చేతిలోకి తీసుకుని, ఇది నీతివాక్యం మాత్రమే కాదు, కవిత్వం అని విడమరిచి చెప్పారు. ఆ ఉపన్యాసాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. వేమన మీద నేటికీ ఎవరు ఏం రాయాలన్నా ముందు ఆ పుస్తకం తిరగేయాల్సిందే. ‘పండితులంతా ఒకటే’ అని తీసిపారేసేవాళ్లకి ఇదో మంచి జవాబు. తలుపు వేసిందీ పండితులే, మూడొందల ఏళ్లకి తీసిందీ పండితుడే.

ఆ తర్వాత దారి సుగమమైంది. తెలుగులో నిజమైన కవిత్రయం తిక్కన, వేమన, గురజాడ అని శ్రీశ్రీ తేల్చేశాడు. నార్ల వెంకటేశ్వరరావు సాహిత్య అకాడెమీ కోసం వేమన మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1972లో తపాలాబిళ్ల వచ్చింది. ఎన్.గోపి పరిశోధన ‘ప్రజాకవి వేమన’ 1980లో పుస్తకమైంది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం వెలిసింది. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. పక్కనున్న కర్ణాటకలోనూ ఏటా జనవరి 19న వేమన జయంతి ఘనంగా చేస్తారు. ఏ పాఠశాలా పట్టా ఇవ్వని మనిషి పేరుమీద ఇప్పుడో విశ్వవిద్యాలయం పట్టాలిస్తోంది!

ఒక్కొక్కరికి ఒక్కో గుమ్మం

వేమన ఒక్కడే కాదు. తెలుగులో మనం నెత్తిన పెట్టుకునే కవుల్లో చాలామందికి ఏదో ఒక గుమ్మం దగ్గర చుక్కెదురైంది.

గురజాడ అప్పారావు చేసిన తప్పల్లా జనం మాట్లాడే తెలుగులో చదువులుండాలనడం. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆయన మాట నెగ్గలేదు. 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. మనం ఇప్పుడు చదువుతున్న పత్రికల భాష ఆయన కోరిన భాషే. చూడ్డానికి ఆయన లేరు.

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకి పద్యం కుదరక కాదు అవమానాలు ఎదురైంది, పుట్టుక కారణంగా. ఆయన ఏం చేశాడు? మేఘాన్నీ హంసనీ రాయబారం పంపిన పాత కవుల దారిలోనే వెళ్లి, గబ్బిలాన్ని పంపాడు! గుడిలోకి తనకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ పుట్టుకకు కారణం ఆ మూసిన తలుపే.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు చాలావరకూ 1930ల్లో రాసినవి. చలం ‘యోగ్యతాపత్రం’ రాసిచ్చింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. ముందుమాట సిద్ధమయ్యాక పదేళ్లు ఆగింది ఓ తరాన్ని ఊపేసిన ఆ పుస్తకం.

తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే, ఆడది ఇలా రాయవచ్చా అని గొడవ. పుస్తకం నిషేధంలో పడింది. ఆ నిషేధం తొలగాలంటే టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధాని కావాల్సి వచ్చింది.

మన దగ్గరే కాదు. అమెరికాలో ఎమిలీ డికిన్సన్ దాదాపు 1800 కవితలు రాస్తే, 1886లో ఆమె కన్నుమూసేనాటికి అచ్చయినవి పదీ పన్నెండుకు మించవు.

అలాగని తిరిగొచ్చిన ప్రతి కవితా గొప్పదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. వేమనని కాదన్నారు కాబట్టి కాదనిపించుకున్నవాళ్లంతా వేమనలు అయిపోరు. ‘ఇంకా దిద్దు’ అని చెప్పే సంపాదకుడు, ‘ఈ పాదం కుదర్లేదురా’ అని మొహం మీద చెప్పే స్నేహితుడు దొరకడం అదృష్టం. చప్పట్ల బొమ్మలు వంద వచ్చినా ఆ ఒక్క మాటకి సరిరావు. సాధన గురించి వేపాకు పోలికతో, రాగం పోలికతో చెప్పిన వేమనకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు.

మీ ఇంట్లోనూ ఓ కవి ఉంటే...

ఇంటికో కవి ఉంటాడో లేదో కానీ, వీధికి ఒకరిద్దరైనా ఉంటారు. లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో, ఫోన్లో ఎవరికీ చూపించని మూలల్లో రాసుకుంటూ ఉంటారు. ఒకటి రెండుసార్లు చుక్కెదురయ్యాక చాలామంది మానేస్తారు. మానేసినట్టు కూడా ఇంట్లోవాళ్లకి తెలియదు. రాయడం మొదలెట్టినప్పుడే తెలియకపోతే మానేసినప్పుడు ఎలా తెలుస్తుంది! తెలుగులో ఇలా ఎన్ని గొంతులు ఆగిపోయాయో లెక్క చెప్పగలవాళ్లు లేరు.

అలాంటివాళ్లకి కటారుపల్లి కవి కథలో పనికొచ్చే సంగతులు నాలుగున్నాయి.

మొదటిది, పైకి చదవడం. వేమన పద్యం బతికింది చెవి వల్ల. కాగితం మీద బాగున్నది నోట్లో తడబడుతుంటే అక్కడేదో సరిచేయాల్సింది ఉందన్నమాట. వందమందికి పంపేముందు ఒక్క మనిషికి వినిపించాలి. అమ్మకో, తాతయ్యకో, అన్నకో. విన్నవాళ్లు కూడా ‘భేష్’ అని ఊరుకోకుండా, ఏ మాట నచ్చిందో, ఎక్కడ అర్థం కాలేదో చెబితే మేలు.

రెండోది, ఎవరి మెప్పు కావాలో ముందే తేల్చుకోవడం. వేమనకి ఆ లెక్క స్పష్టంగా ఉంది. పండితుడి కోసం రాస్తే పండితుడు కాదన్నప్పుడు బాధపడాలి. రైతు కోసం రాస్తే రైతుకి అర్థం కానప్పుడు బాధపడాలి. అందరికోసం బాధపడుతూ కూర్చుంటే రాసేదెప్పుడు?

మూడోది, పేరూ తేదీ. కవిత ఎక్కడ పెట్టినా కింద పేరు, రాసిన తేదీ ఉండాలి. ఓ ప్రతి ఇంట్లో కాగితం మీద కూడా ఉండాలి. వేమన పద్యాల్లో ఏది ఆయనదో తేల్చడానికి పెద్దపెద్దవాళ్లు ఏళ్లకేళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఆ కష్టం మన పిల్లల కవితలకి రాకుండా చూసుకోవడం ఓ నిమిషం పని.

నాలుగోది మనలాంటి పాఠకులకి. నచ్చిన కవితని ఇంకొకరికి పంపేటప్పుడు రాసినవాళ్ల పేరుతో సహా పంపడం. వీలైతే వాళ్లకి ఓ మాట రాయడం. తాటాకుల కాలంలో కవిని బతికించాలంటే సంస్థానం ఉండాలి. అచ్చుకాలంలో డబ్బుండాలి. ఇప్పుడు ఆ రెండూ అక్కర్లేదు. చదివినవాళ్లు నోరు విప్పితే చాలు.

కటారుపల్లిలో జనం వేమనకి దండం పెడతారు, కొబ్బరికాయ కొడతారు. ఉట్టి పూజలెందుకని అడిగిన మనిషికే పూజ! చూస్తే ఆయన మూడు పాదాల్లో ఏమనేవాడో ఎవరికివారు ఊహించుకోవచ్చు. ఏమైనా, ఆయన అడిగింది ఎప్పుడూ దండం కాదు. ప్రతి పద్యం చివరా ఆయన కోరింది ఒక్కటే. వినమని.